కొత్త టైరు ముందుకా, వెనుకకా?



పోయిన టపాలో ఆటవెలది నడక గురించి వ్రాస్తానని మాట ఇచ్చి, ఈసారి సైకిల్ టైర్ల గురించి వ్రాయబూనినందుకు పెద్దలు మన్నింతురు గాక. సూర్యగణాలూ ఇంద్రగణాలూ ఎక్కడికీ పోవు. నా సైకిల్ టైర్లు మాత్రం పోయినవి, అదీ రెండూ ఒకే వారంలో. వెనుక టైరు ప్రక్క పగిలి లోపలి పోగులు బయటపడ్డాయి. ముందు టైరు పైకి బాగానే ఉన్నట్లు కనిపించినా, గోటితో గీస్తే రబ్బరు పెచ్చులు పెచ్చులుగా ఊడివచ్చింది.

"ఈ వయసులో ఇంకా సైకిలేమిటి?" అని అడగబోయేవారికి ముందుగా ఒక మాట. అడగవలసినవారు ఇంట్లో అడిగారు, ఫోనులో అడిగారు, చివరకు విసిగి ఊరుకున్నారు.

మా ఇల్లు తెనాలిలో. నేను తెలుగు పండితుడిగా పనిచేసిన ఉన్నత పాఠశాల అక్కడికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని ఒక ఊళ్లో ఉంది. 1986లో ఉద్యోగంలో చేరిన నెలకే ఈ ఇరవై ఎనిమిది అంగుళాల నల్ల సైకిలు కొన్నాను. రాడ్డు బ్రేకులు, చైను కవరు, బియ్యం బస్తాను మోయగల కారియరు. మధ్యలో వేరే ఊరికి బదిలీ అయిన ఆరేళ్లు తీసివేస్తే, 2019లో పదవీ విరమణ చేసేదాకా ఆ దారిన దీనిమీదే వెళ్లివచ్చాను. ఇప్పుడు కూడా వారానికి మూడు సాయంత్రాలు ఆ ఊరి గ్రంథాలయంలో పిల్లలకు పద్యం చదవడం నేర్పడానికి వెళుతూనే ఉన్నాను. జీతం లేదు, హాజరుపట్టీ లేదు, ఇన్స్పెక్షన్ లేదు. ఇంతకంటె ఉత్తమమైన ఉద్యోగం నేను ఎరుగను.

తొమ్మిది కిలోమీటర్లంటే వినడానికి చిన్నదే. అయితే అది ఒక దారి కాదు, ఐదు దారులు. మొదట ఒక కిలోమీటరు పట్టణపు సిమెంటు రోడ్డు. తరువాత మూడు కిలోమీటర్ల తారు రోడ్డు, అంచులు కొరికినట్లు ఉంటుంది. లారీ ఎదురైతే దిగవలసింది ఆ కొరికిన అంచులోనుండే. పంటల కాలంలో సగం రోడ్డు మీద మొక్కజొన్న గింజలు ఆరబోస్తారు. తారు మీద ఎండు గింజలు పరచుకున్న చోట సైకిలు తోలడమంటే గోళీల మీద నడవడమే. ఆ తరువాత రైలు గేటు. అక్కడ రోడ్డు పట్టాలను ఏటవాలుగా దాటుతుంది కనుక, చక్రం పట్టా ప్రక్క సందులో పడకుండా హ్యాండిలు త్రిప్పి నిలువుగా దాటాలి. గేటు దాటాక రెండున్నర కిలోమీటర్లు కాలువ గట్టు, అచ్చమైన మట్టిబాట. దాని తరువాత రెండు కిలోమీటర్ల కంకర రోడ్డు. రోలరు త్రొక్కించారు, పైన తారు పోయడం మరచిపోయారు. చివర అర కిలోమీటరు ఊరి సిమెంటు వీధి.

గట్టు సంగతి కొంచెం చెప్పాలి. మాది నల్లరేగడి. వేసవిలో అది రాయి. ట్రాక్టరు చక్రాలు వానకాలంలో చేసిన గాళ్లు అలాగే ఎండి, అంచులు కత్తుల్లా నిలబడి ఉంటాయి. కాళిదాసు రఘువంశం మొదటి సర్గలో దిలీపుని ప్రజలను రథచక్రపు నేమితో పోల్చాడు. మనువు వేసిన జాడనుండి గీతంతైనా ప్రక్కకు పోనివారట. ముప్పై ఏళ్లు తరగతి గదిలో ఆ ఉపమను మెచ్చుకుంటూ వచ్చినవాణ్ణి, ప్రతి సాయంత్రం ఆ గట్టు మీద మాత్రం కాళిదాసుతో విభేదిస్తూ వచ్చాను. లోకంలో గాడిలో పడడం మంచిది, గాడి తప్పడం చెడ్డది. సైకిలువాడికి గాడిలో పడడమే చేటు. ముందు చక్రం ఒకసారి అందులో దిగిందంటే, హ్యాండిలు ఎటు త్రిప్పినా చక్రం రాదు, మనిషి వస్తాడు.

ఇన్ని రకాల నేలలకు ఒకే జత టైర్లు. ఏవి వేయాలి? ఇదీ ప్రశ్న.

సంస్కృతంలో చక్రానికి నాభి ఉంది, అరములున్నాయి, నేమి ఉంది. తెలుగు బండికి ఆకులున్నాయి, ఇనుప పట్టా ఉంది. గాలితో నిండిన తొడుగుకు మాత్రం మన ప్రాచీనులెవరూ పేరు పెట్టలేదు, ఆ వస్తువే లేదు గనుక. రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టే ఉపాయానికి రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు వాడు 1845లోనే పేటెంటు పొందాడు గాని, అది వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టులో జాన్ బాయ్డ్ డన్లప్ అనే పశువైద్యుడు మళ్లీ కనిపెట్టాడు. కొడుకు మూడు చక్రాల బండి రాళ్ల దారిలో ఎగిరెగిరి పడుతుంటే చూడలేక చేసిన పని అది. గాలి టైరు వాడుకలోకి వచ్చింది పిల్లవాడికి కుదుపు తగ్గించడానికన్న ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ముందే తెలిసి ఉంటే, దాన్ని రాయిలా గట్టిగా ఉంచాలని అంతమందికి బోధించేవాణ్ణి కానేమో.

ఆ కథకు వస్తాను. ముందు మా అబ్బాయి తెచ్చిన టైరు ముచ్చట.

మావాడు జర్మనీలో ఉంటున్నాడు. సంక్రాంతికి వస్తూ, "నాన్నగారూ, మీ సైకిలు ఇరవై ఎనిమిదే కదా?" అని ఫోనులో అడిగాడు. అవునన్నాను. రెండు టైర్లు పెట్టెలో పెడితే బరువెక్కువవుతుందని ఒకటే తెచ్చాడు. చూడముచ్చటైన టైరు. ముళ్లు దిగకుండా లోపల దళసరి పట్టీ ఉందట, ప్రక్కల చీకట్లో మెరిసే తెల్లగీత ఉంది. మీద 28 × 1.60 అని అచ్చొత్తి ఉంది. తండ్రీకొడుకులం ఇద్దరం వరండాలో కూర్చుని, రెండు టైరు లివర్లూ మా ఆవిడ అట్లకాడా వినియోగించి గంటన్నరసేపు కుస్తీ పట్టాం. టైరు రిమ్ము మీదికి ఎక్కలేదు. అట్లకాడ వంకరపోయింది.

ఓడిపోయి కళ్లజోడు తుడుచుకుని చూస్తే, పెద్ద అంకెల ప్రక్కనే చిన్న అంకెలు కనిపించాయి: 42-622. నా పాత టైరు మీద అరిగిపోగా మిగిలినవి: 40-635. అసలు రహస్యమంతా ఈ చిన్న అంకెలలోనే ఉంది మిత్రులారా. మొదటిది టైరు వెడల్పు, రెండవది టైరు అంచు రిమ్ముపై కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. ఇరవై ఎనిమిది అన్నది గాలి నింపిన టైరు వెలుపలి వ్యాసాన్ని అంగుళాలలో ఉజ్జాయింపుగా చెప్పే పాతకాలపు మాట. 635కు రెండు ప్రక్కలా 38 చొప్పున కలిపితే 711 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా 28 అంగుళాలు. 622కు రెండు ప్రక్కలా 42 కలిపినా 706, అదీ దాదాపు 28 అంగుళాలే. వెలుపల చూస్తే కవలలు. లోపల 13 మిల్లీమీటర్ల తేడా. జర్మనీలో ఇరవై ఎనిమిది అంటే సాధారణంగా 622. మన నల్ల సైకిలుకు ఇరవై ఎనిమిది అంటే 635.

ఇరవై ఆరు కథ ఇంతకంటె చిత్రం. ఆడపిల్లల సైకిళ్లకు వేసే 26 × 1⅜ టైరుకు 590 రిమ్ము కావాలి. కొండ సైకిలని పిలిచే లావు టైర్ల బండికి 26 × 1.95, దానికి 559. ఇక 26 × 1.5 అని దశాంశంలో వ్రాస్తే 559, 26 × 1½ అని భిన్నంలో వ్రాస్తే 584! ఒకటిన్నర ఎలా వ్రాసినా ఒకటిన్నరే కదా అని మా పాఠశాలలో లెక్కలు చెప్పిన మిత్రునితో అంటే, ఆయన నమ్మక ఒకరోజంతా నాతో మాట్లాడలేదు. నాకు మాత్రం ఇందులో వింతేమీ తోచలేదు. హరి అంటే విష్ణువు, సింహం, కోతి, కప్ప. ఏ హరియో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలని పిల్లలకు చెప్పినవాణ్ణి, సందర్భం చూడకుండా టైరు తెప్పించుకున్నాను. అంతే.

మర్నాడు మా సైకిలు షాపు సాయిబు గారి దగ్గరకు వెళ్లాను. వారి తండ్రిగారి కాలంలో అక్కడ గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చేవారు. ఇప్పుడు వారికి పిల్లల గేరు సైకిళ్ల మరమ్మతులే జీవనాధారం. నా కొలత టైర్లు అటకమీద ఉన్నాయంటూ, నిచ్చెన వేసుకుని తీసి దుమ్ము దులిపారు. వెడల్పు విషయంలో పెద్దగా ఎంపిక లేదు. 635 రిమ్ముకు మన దేశపు దుకాణాల్లో దొరికేది ఒకటిన్నర అంగుళాల టైరే. ఎంచుకోవలసింది పైనున్న అచ్చును. ఒక రకానికి నడుమంతా నిలువు గీతలు. రెండవదానికి నడుమ గీతలే గాని రెండు భుజాల మీదా బొడిపెలున్నాయి. "నున్నటి రోడ్డుకు మొదటిది, మట్టికి రెండోదండీ. మీకేది కావాలో మీరే చెప్పండి పంతులు గారూ" అన్నారు.

అక్కడ నేను కొంచెం పాండిత్యం ప్రదర్శించాను. అప్పటికే అంతర్జాలంలో నాలుగు రాత్రులు చదివి ఉన్నానాయె. తడిసిన తారు మీద కారు టైరుకు గాళ్లు కావాలి, లేకపోతే నీటి పొర మీద తేలిపోతుంది. సైకిలు టైరు సన్నం, అడుగు గుండ్రం, వేగం తక్కువ. నీటిని దానంతట అదే చీల్చుకుంటుంది. కాబట్టి తారుకూ సిమెంటుకూ నున్నటి టైరైనా చాలు; బొడిపెలు అక్కడ ఉపకారం చేయకపోగా, గుర్రుమని శబ్దం చేస్తూ మనిషిని వెనక్కి లాగుతాయి. బొడిపెలకు పని ఉన్నది అవి దిగగలిగిన నేలలోనే, అంటే మెత్తని మట్టిలో. మరి వానకు నానిన నల్లరేగడిలోనో? అందులో బొడిపెలు దిగుతాయి గాని, దిగిన ప్రతిదీ పావుకిలో మట్టిని వెంటబెట్టుకు వస్తుంది. అది మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగదు. అటువంటి రోజున ఏ టైరూ పనికిరాదు. కారియరులో ఎప్పుడూ పెట్టుకుని ఉండే కర్రముక్కతో మట్టి గీకుకుంటూ, సైకిలును నడిపించుకుంటూ, ఒక్కొక్కప్పుడు భుజాన వేసుకుని పోవలసిందే. ఉద్యోగకాలంలో ఏటా నాలుగైదుసార్లు అది నన్ను మోయడం మాని నేను దాన్ని మోశాను.

నా ఉపన్యాసం ముగిసేదాకా సాయిబు గారు ఓపికగా విన్నారు. "అయితే భుజాల మీద బొడిపెలున్నది ఒకటి, గీతలది ఒకటి తీసుకోండి. బొడిపెలది ముందుకు వేస్తా" అన్నారు. నేను ఒప్పుకోలేదు. త్రొక్కే బలమంతా వెనుక చక్రానిదే కదా, పట్టు కావలసింది దానికే కదా అన్నాను. మా చిన్నప్పటినుండి అందరూ చేసేది కూడా అదే. కొత్త టైరు కొంటే వెనుకకు వేస్తారు, వెనుకటి అరిగినదాన్ని ముందుకు మారుస్తారు. సాయిబు గారు తల అడ్డంగా ఊపారు. "వెనక చక్రం జారితే కాలు ఆనించి నిలబడొచ్చండీ. ముందుది జారితే మనకి తెలిసే లోపలే కింద ఉంటాం."

తేల్చుకోలేక, ఆలోచించుకుని వస్తానని ఇంటికి వచ్చేశాను. సరిగ్గా ఆ వేళకే మా ఇంట్లో ఒక పూర్వ విద్యార్థిని కూర్చుని ఉంది. తన పాప పుట్టినరోజుకు పిలవడానికి వచ్చింది. ఇప్పుడు వాళ్ల మండలంలోనే ఒక గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నది. స్కూటరు మీద తిరుగుతుంది. నా చేతిలోని టైర్ల చీటీ చూసి సంగతేమిటని అడిగింది. చెప్పాను. నవ్వి, "ఏ టైర్లయినా వేయించుకోండి మాస్టారూ. గాలి మాత్రం గట్టిగా కొట్టించకండి" అన్నది.

ఆ నవ్వులో ఏదో ఉన్నదనిపించి గుచ్చి గుచ్చి అడిగాను.

ఈ అమ్మాయి 2012లో పదవ తరగతి. గట్టుకు అవతలి పల్లెనుండి 26 అంగుళాల పాత సైకిలు మీద బడికి వచ్చేది. నా సర్వీసులో ప్రతిపదార్థం అంత శుభ్రంగా వ్రాసిన పిల్లలు వేళ్ల మీద లెక్కించదగినంతమంది. పబ్లిక్ పరీక్షలు మార్చిలోననగా ఫిబ్రవరిలో గట్టు మీద పడి కుడిచేతి మణికట్టు విరిగింది. పిండికట్టుతోనే పరీక్షలకు వచ్చింది. నిబంధన ప్రకారం తొమ్మిదవ తరగతి పిల్ల ఒకతె ప్రక్కన కూర్చుని వ్రాసిపెట్టింది. మిగిలిన పాఠాలలో సరిపోయింది గాని, తెలుగు ఎలా సరిపోతుంది? ఈమె పద్యాన్ని సంధులతో సహా గడగడ చెప్పడం, పాపం ఆ చిన్నపిల్ల విన్నది విన్నట్లు, తెలియనిది తోచినట్లు వ్రాయడం. అన్నిటికంటె ఎక్కువ రావలసిన తెలుగులోనే తక్కువ వచ్చింది. నూజివీడు ట్రిపుల్ ఐటీలో పదవ తరగతి ఫలితాన్ని బట్టే ప్రవేశం. దానికి దరఖాస్తు పెట్టింది, రాలేదు. చేయి బాగుండి ఉంటే వచ్చేదని రూఢిగా ఎవరు చెప్పగలరు? రాదని మాత్రం నేను చెప్పలేను.

పడిందని తెలుసు. ఎలా పడిందో నేను ఎన్నడూ అడగలేదు. పిల్లలన్నాక పడతారు, అంతే అనుకున్నాను. ఇన్నేళ్లకు ఇప్పుడు చెప్పింది. అంతకు ముందు వారం నేను ప్రార్థన అయ్యాక సైకిలు పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి టైర్లు నొక్కి చూశానట. నాకు గుర్తుంది, అది నా అలవాటు. మెత్తగా ఉన్న టైరు కనబడితే, "ఇలాంటి టైరుతో తొక్కితే శ్రమంతా నేలపాలు. బొటనవేలికి లొంగకూడదు, గట్టిగా కొట్టించుకోండి" అనేవాణ్ణి. తాళప్రమాణం తప్పకూడదన్నంత నిక్కచ్చిగా చెప్పేవాణ్ణి. ఆ పిల్ల ఇంటికి వెళ్లి వాళ్ల నాన్నగారిని పోరి, కొత్త టైరు వెనుకకు వేయించుకుని, అరిగి నున్నబడ్డ వెనుక టైరును ముందుకు మార్పించుకుని, రెండింటికీ రాయిలా గాలి కొట్టించుకుంది. మర్నాడు పొద్దున గట్టు మీద, చేలకు ఇంజన్లతో నీరు తోడే గొట్టం కారి తడిసిన జానెడు బురద దగ్గర ముందు చక్రం జారింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"మీరు బాధపడతారని మాస్టారూ" అన్నది. తరువాత పాప సంగతులు చెప్పి, మా ఆవిడ ఇచ్చిన కాఫీ త్రాగి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. లేచి కాగితం మీద లెక్క వేశాను. లెక్క చాలా సులభం, ఎనిమిదవ తరగతి పిల్లవాడు వేయగలడు. నా బరువు, సైకిలు, పుస్తకాల సంచి అన్నీ కలిపి 95 కిలోలు. అందులో సుమారు 60 శాతం, అంటే 57 కిలోలు, వెనుక చక్రం మీద పడుతుంది. చదరపు సెంటీమీటరుకు మూడున్నర కిలోల గాలి ఉంటే, ఆ బరువు మోయడానికి టైరు నేలను సుమారు 16 చదరపు సెంటీమీటర్ల మేర తాకాలి. గాలి ఐదు కిలోలు చేస్తే 11 చాలు. అంటే గాలి గట్టిపడేకొద్దీ నేలను అంటుకునే మేర తగ్గిపోతుంది. నున్నటి తారు మీద అందువల్ల నష్టమేమీ లేదు, కొంచెం సుఖంగానే పోతుంది. కంకర మీద, గట్టు మీద సంగతి వేరు. మెత్తని టైరు రాయి వచ్చిన చోట తాను లోపలికి ఒదిగి, రాయి దాటాక మళ్లీ ఉబ్బుతుంది. గట్టి టైరు ఒదగదు కనుక సైకిలునూ మనిషినీ కలిపి పైకెత్తుతుంది. ప్రతి రాయికీ అంత బరువు ఎత్తి దించే శ్రమ కాళ్లదే. నేను నేలపాలవుతుందన్న శ్రమ నిజానికి అక్కడ నేలపాలవుతోంది. పైగా ఎగిరిన చక్రం గాలిలో ఉన్నంతసేపు నేలను పట్టుకోదు. తడిమట్టి మీదనైతే అది ఇటుక మీద నడిచిన సబ్బుబిళ్లే.

అలాగని మరీ మెత్తగా ఉంచితే అదీ పనికిరాదు. రిమ్ము నేలకు తగిలి, రాయికీ రిమ్ముకూ నడుమ ట్యూబు నలిగి, పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. ప్రక్క గోడలు మడతలు పడి తొందరగా పగులుతాయి. నా వెనుక టైరు పగలడానికి బహుశా అదే కారణం. పదవీ విరమణానంతరం సోమరితనంతో పంపు ముట్టుకోలేదు.

మరి సరియైన గాలి ఎంత? బొటనవేలి పరీక్ష ఒట్టిదని తేలిపోయింది. టైరు కాస్త గట్టిపడ్డాక దానికి యాభై పౌన్లకూ డెబ్బై పౌన్లకూ తేడా తెలియదు. మన పాత వాల్వు, అదే లోపల సన్నని రబ్బరు ట్యూబు తొడిగి ఉండేది, గాలిని వెనక్కి రానివ్వదు గనుక మీటరు పెట్టినా సరిగ్గా చూపదు. అందుకని ఈసారి మోటారు సైకిలు వాల్వు వంటిది ఉన్న ట్యూబులు కొన్నాను. రిమ్ము బెజ్జంలో సరిగ్గా పట్టాయి. ఇక కొలత. ఫ్రాంక్ బెర్టో అనే అమెరికా దేశపు సైకిలు రచయిత చెప్పిన సూత్రం ఒకటి ఉంది: మనిషి ఎక్కి కూర్చున్నప్పుడు టైరు తన ఎత్తులో సుమారు 15 శాతం అణగాలి. ఎక్కువ అణిగితే గాలి చాలదు, తక్కువ అణిగితే గాలి ఎక్కువ.

సైకిలును వరండా స్తంభానికి ఆనించి, పుస్తకాల సంచి కారియరుకు కట్టి, నేను ఎక్కి కూర్చున్నాను. మా ఆవిడ నేల మీద కూర్చుని నా పాత స్కూలు స్కేలుతో రిమ్ము అంచునుండి గచ్చు వరకు కొలిచింది.

"ఎంత?"

"ఉండండి, కళ్లజోడు తెచ్చుకుంటాను."

ఆమె వచ్చేవరకు స్తంభాన్ని కౌగిలించుకుని ఉన్నాను. వీధిలో పోయేవాళ్లు పలకరించారు కూడా. ఎక్కకముందు 38 మిల్లీమీటర్లు, ఎక్కాక 35. "మూడే అణిగింది. ఇంకొంచెం వదలండి" అన్నది. గాలి తీయడం, ఎక్కడం, కొలవడం. ఆరు మిల్లీమీటర్లు అణిగేసరికి మీటరు వెనుక టైరుకు 50 పౌన్లు, ముందు టైరుకు 35 పౌన్లు చూపింది. ముందు చక్రం మీద బరువు తక్కువ కనుక దానికి అంత తక్కువ చాలునన్నమాట. ఇన్నేళ్లూ రెండింటికీ సమానంగా కొట్టించాను, అంటే ముందుది ఎప్పుడూ అవసరానికి మించి గట్టిగా ఉండేది. పట్టు ఎక్కువ కావలసిన చక్రానికే పట్టు తక్కువ.

బొడిపెల టైరు ముందుకే వేయించాను. సాయిబు గారు ఏమీ అనలేదు. టైరు తొడిగేటప్పుడు ఒక చిన్న నవ్వు మాత్రం నవ్వారు. ఎంపికలో నాకు మిగిలిన సూత్రం ఒక్కటే: దారిలో ఎక్కువ భాగం తారే అయినా, మనల్ని పడవేసేది మిగిలిన ఆ కొద్ది భాగం. ముందు టైరునూ గాలినీ ఆ కొద్ది భాగాన్ని చూసి నిర్ణయించాలి. వెనుకది తారును చూసి నిర్ణయించినా పరవాలేదు. కేవలం పట్టణంలో తిరిగేవారికి ఈ గొడవంతా అక్కరలేదు, గీతల టైర్లు రెండు వేసుకుని హాయిగా పోవచ్చు.

ముళ్ల మాట అడుగుతారేమో. గట్టు మీద పల్లేరు కాయలున్నాయి. వాటి ముందు బొడిపెలదీ గీతలదీ ఒకటే గతి. పని చేసే ఉపాయం ఒకటే: ఇల్లు చేరగానే చక్రం త్రిప్పి టైరంతా తడిమి చూడడం. పల్లేరు ముల్లు దిగిన వెంటనే ట్యూబును చేరదు, పదిచుట్లు తిరిగి తిరిగి లోపలికి నడుస్తుంది. ఆ లోపల పీకివేస్తే పంక్చరు తప్పుతుంది. ఈ సలహాకు నాకు అనుభవం ఉంది, గాలి సలహా లాంటిది కాదు.

కొత్త టైర్లతో ఇప్పటికి ఆరుసార్లు వెళ్లివచ్చాను. కంకర మీద కారియరులోని పుస్తకాలు మునుపటిలా చప్పుడు చేయడం లేదు. గట్టు మీద గాడి అంచు ఎక్కి దిగేటప్పుడు ముందు చక్రం మాట వింటున్నది. నీళ్ల గొట్టం కారే చోటు ఇప్పుడు కూడా అక్కడే ఉంది. గొట్టం మారింది, కారడం మారలేదు. అక్కడ మాత్రం దిగి నడిపించుకుని వెళుతున్నాను.

గ్రంథాలయానికి వచ్చే పిల్లల్లో నలుగురికి సైకిళ్లున్నాయి. పోయిన శుక్రవారం పద్యం అయ్యాక స్కేలు తీసి వాళ్లను ఒక్కొక్కరినే ఎక్కించి కొలిచాను. ముగ్గురికి గాలి తగ్గించాను. నాలుగవవాడిది ఇరవై ఆరు అంగుళాల సైకిలు. వాడికి ముందు టైరు పూర్తిగా అరిగి ఉంది, కొత్తది వెనుకకు వేయించుకున్నాడు. వాళ్ల నాన్నగారితో మాట్లాడి రెండూ మార్పించాను. ఆయన "ఇదేమిటి మాస్టారూ, అందరూ వెనక్కే వేస్తారుగా?" అన్నారు. నేనూ అలాగే చెప్పేవాణ్ణని చెప్పాను.

అన్నట్టు, మా అబ్బాయి తెచ్చిన ఆ 42-622 టైరు వరండాలో మేకుకు వ్రేలాడుతున్నది. ఒకే ఒకటి, చెక్కుచెదరనిది, అట్లకాడ గీతలు మాత్రం రెండున్నాయి. 622 రిమ్ము ఉన్న మిత్రులెవరైనా తెనాలి వైపు వస్తే తీసుకుపోవచ్చు. ముందుకే వేసుకోండి.